ముందు గడ్డికి నీళ్లు

దొడ్లో ఏడు నాపరాళ్లు లేపినా.
పాలిష్ ఫ్యాక్టరీ మూతబడేదాకా
పద్నాలుగేండ్లు రాళ్లను నున్నగ చేసిన చేతులివి,
రాయి కింద ఏముంటాదో
ఇప్పుడు చూస్తాండాయి.

తెల్లగ, దారాల మాదిరి,
వెలుతురు లేకుండానే అల్లుకున్న తుంగ.
నడుమ నడుమ నల్లపూసలంత గడ్డలు.
ఎన్నేండ్లు తొక్కినామో దీన్ని,
పెండ్లి పందిట్లో, చావు ఇంట్లో,
ఊరికే అటూ ఇటూ తిరిగి.
అది మాత్రం లెక్క పెట్టుకున్నట్టు లేదు.

కాముని పున్నం పోయి నాలుగు దినాలు.
తాడిపత్రి ఎండకు అప్పుడే పదును పడింది.
గడ్డపార దిగినచోట
మన్ను కంటే ముందు తెల్లటి పొడి లేచింది,
దొడ్డి కూడా నాతోపాటు డ్యూటీకి వచ్చినట్టు.
పొయ్యి బూడిద తెస్తే అత్త వద్దనింది:
'ఈ నేల తిన్న సున్నం చాల్లే.'
మేకల ఎరువు రెండు గంపలు కలిపినా.
మడి కట్టి, గట్టు మెత్తి,
కొంగుముడి ఇప్పినా:
మటిక్కాయ, అలసంద, చిర్రాకు,
మాబున్ని ఇచ్చిన గింజలు నాలుగు.
వాటి పేరు ఆమెకూ తెలీదు,
'తీగ పారుతాది, అంతే' అనింది.

ఇత్తబోతాంటే మా అత్త ఓబుళమ్మ
గడప మీదనుంచే చెయ్యి అడ్డం పెట్టింది.
'ఆగు. ముందు గడ్డికి పొయ్యి నీళ్లు.'

మూడు దినాలకొకసారి వచ్చే కొళాయి.
బిందె బిందెకూ లెక్కుండే ఇంట్లో
ఉత్త మడికి నీళ్లు మోసినా.
'గడ్డిని సాకే ఇల్లు ఈ పొద్దే చూసినా'
అని సుంకన్న నవ్వినాడు.
నవ్వి, ఇంకో బిందె తెచ్చి పోసినాడు.

వారానికి మడంతా పచ్చగ.
గరిక సూదులు, పల్లేరు పిల్లలు,
మూలన వయ్యారిభామ, ఇంకా పూతకు రాలేదు.
చూడ్డానికి ముచ్చటగానే ఉండాది, ఒప్పుకుంటా.
అత్త తొలిక చేతికిచ్చింది.
'పైపైన గీకు. లోతుకు పోవాకు.
కింద పండుకున్నదాన్ని లేపితే
అదీ అన్నం అడుగుతాది.'

గీకినా. మిగతా పని ఎండ చేసింది.
వయ్యారిభామను గుడ్డ చుట్టిన చేత్తో పీకినా,
ఆ దద్దుర్లు ఒకసారి పడినోళ్లకు
రెండోసారి చెప్పాల్సిన పని లేదు.
తుంగ దగ్గర మాత్రం తొలిక ఓడిపోయింది.
గొంతుక్కూర్చోని వేలితో దారం పట్టుకోని పోతే
ఒక గడ్డ, మళ్లీ గడ్డ,
గోడ కిందికి, మాబున్ని వాళ్ల పక్కకి.
అక్కడ తెగింది.

'మీ తుంగ మా ఇంట్లోకొచ్చింది' అంటుందామె గోడవతల.
మీదే మాకొచ్చిందంటా నేను.
ఇద్దరం పెరుకుతానే ఉంటాం.

పాయలాకు ఒక్క మొక్క వదిలినా.
'అది కలుపు కాదా?' అన్నాడు సుంకన్న.
కందిబ్యాళ్లలో ఉడికినాక అడుగు.

ఉగాది ముందురోజు ఇత్తినా.
సాళ్ల నడుమ చెనక్కాయ పొట్టు పరిచినా,
తేమకు గొడుగు, గడ్డికి మూత.
ఐదోనాటికి మటిక్కాయ
నేలను తలతో కుమ్మి లేచింది,
నెత్తిన ఒక పొట్టుముక్క టోపీతో.
మాబున్ని గింజలు ఇంకా ఏం చెప్పలేదు.

లేపిన రాళ్లల్లో ఆరు అమ్మేసినాం.
ఒకటి ఉంచుకున్నా,
కలుపు తీసేటప్పుడు కూర్చోడానికి.
నిన్న సాయంత్రం దాని అంచున
పచ్చటి సూదిమొన ఒకటి.

లేపి చూడలేదింకా.