పలక పలికిన ధర

తర్లుపాడు రోడ్డు, కాశింబీ పాలవసారా.
మేకుకు వేలాడే పలక.
చట్రం మూల ఎలుక కొరికింది గానీ
రాయి మాత్రం మన మార్కాపురం రాయి,
గోటితో మీటితే ఖంగుమంటుంది.

పాతసామాన్ల బేరగాణ్ణి నేను.
తుప్పురేకు డబ్బాకి, గోళీసోడా సీసాకి
పట్నంలో ఎవరు చెయ్యి చాస్తారో ఎరుగుదును.
"రెండువేలు పలుకుద్ది పిన్నమ్మా" అన్నాను.
"పగిలితే పది రూపాయలు కూడా రాని దానికా!"

నేను చూసింది రాయిని కాదు.
సోలకో గీత, అరసోలకో చుక్క,
మనిషికో బొమ్మ:
గొడుగు పోస్టు నాగిరెడ్డి,
కత్తెర టైలరు జిలానీ,
కొమ్ములున్నది ఎవరో అడగలేదు.
బడి మొహం చూడని చేతి లిపి.
బేరమంతా దానికే.

నోట్లు లెక్కపెట్టి తలెత్తేలోగా
తడిగుడ్డ తిప్పేసింది.
వానలో పలకల గనిలా
నల్లగా మెరిసింది.

"ఎంత పని చేశావు!"
"పలక నీకమ్మాను.
వాళ్ల బాకీలు నీకెందుకు అబ్బయా?"

ఖాళీ రాయి. వంద కూడా చెయ్యదు.
నోట్లు మళ్లీ జేబులో పెట్టుకోబోతుంటే
పాలచెంబు బోర్లిస్తూ అంది కాశింబీ:
"తక్కెడ బొమ్మ నీదే.
పదకొండు గీతలు.
తుడిచినా నాకు గుర్తే."