నాలుగు

ఆషాఢం సోమవారం, కళ్యాణదుర్గం డిపోలో గేట్ మీటింగు.
కొత్త డీఎం సారు తలా ఒక కాగితం పంచినాడు.
నడుమ నిలువు గీత.
ఎడమ పక్క సంస్థ లక్ష్యం,
కుడి పక్క వ్యక్తిగత లక్ష్యం.
ఎడమ పక్క ముందే అచ్చేసి ఉండాది:
లీటరుకు అయిదు పాయింట్ నాలుగు కిలోమీటర్లు.
కుడి పక్క ఖాళీ. అగ్గిపెట్టె అంత జాగా.

"నంబరు రాయాల.
నంబరు లేంది లక్ష్యమే కాదు" అన్నాడు సారు.

మెకానిక్ ఓబులేసు
'బ్రేక్‌డౌన్లు సున్నా' అని రాసినాడు.
సున్నా నడుమ గ్రీజు వేలిముద్ర పడింది.
నా కండక్టరు తిప్పేస్వామి
రోజు రాబడి రాసి, కొట్టేసి,
ఇంకో వంద కలిపి, అదీ కొట్టేసి,
చిల్లర లెక్కపెట్టినట్టు పెదాలు ఆడిస్తా నిలబడినాడు.

నేను పెన్ను మూత నములుతా ఉన్నా.
ఇరవై రెండేళ్ళ స్టీరింగు.
లేటెందుకయిందని అడిగినారు,
టైరెందుకు అరిగిందని అడిగినారు,
నీకేం కావాలని అడిగింది ఈ కాగితమే.

పొద్దున అనంతపురం పోయేటప్పుడు గాలి వెనక ఉంటాది.
కాలు ఊరికే ఆనిస్తే చాలు,
పెళ్ళి భోజనానికి పోయే ముసలాయన మాదిరి
బండి దానంతట అదే పోతాది.
సాయంత్రం తిరుగు ట్రిప్పుకు అదే గాలి ఎదురు.
గుట్టల మీద గాలిమరలు దాన్ని అమ్ముకుంటాయి,
మేం డీజిల్ పోసి కొంటాం.
ఆషాఢం గాలికి సర్క్యులర్ ఎవరు పంపాల?

ఊరి బయట కుట్టు ఫ్యాక్టరీ స్టాపు.
మా టైము ఆరు పది.
వాళ్ళు బయటపడేది ఆరు పద్నాలుగు.
లోపల వాళ్ళకూ ఒక బోర్డు ఉందంట:
గంటకు అరవై కాలర్లు.
అరవయ్యోది పడందే గేటు తెరవరు.
వాళ్ళ బోర్డూ మా బోర్డూ
ఏ పొద్దూ మాట్లాడుకోలే.
ఆ రెండిటి సందులోంచి హొన్నూరమ్మ ఉరికొస్తాది,
జడలో తెల్లదారం ముక్కలు,
చేతిలో టిఫిను గిన్నె మోగతా.
ఇంకో బస్సు ఎనిమిదిన్నరకు గానీ లేదు.

ఒక దినం కరెక్టు టైముకు తీసినా.
అద్దంలో ఆమె చిన్నదవతా వచ్చింది.
గిన్నె మూత ఊడి రోడ్డు మీద దొర్లింది.
మూత వెంట పోవాల్నా, బస్సు వెంట పోవాల్నా
తెలీక నిలబడిపోయింది.
ఆ దినం నాకు అయిదు పాయింట్ అయిదు వచ్చింది.
నోటీసు బోర్డులో నా పేరు పచ్చ ఇంకుతో.
రాత్రి అన్నం గిన్నె మీద మూత పెడతాంటే
నా ఇంటామెను వద్దన్నా. ఎందుకో చెప్పలే.

కుడి పక్క గడిలో 4 అని రాసి ఇచ్చినా.

"నబీ రసూల్, నాలుగేందయ్యా?
లీటరుకు నాలుగా? మతి ఉందా?"
గేటంతా నవ్వింది. నేనూ నవ్వినా.
"నిమిషాలు సార్."
సారు నా ముఖం చూసినాడు, కాగితం చూసినాడు,
కింద పెట్టి ఇంకొకరి పేరు పిలిచినాడు.
తర్వాత కంప్యూటర్ క్లర్కు చెప్పినాడు,
మిషను నాలుగును ఒప్పుకుందంట,
నిమిషాలను ఒప్పుకోలేదంట.

ఇప్పుడు ఆరు పదికి ఆడ ఇంజను ఆపేస్తా.
ఆగిన బండికి చుక్క కాలదు,
అది ఎడమ పక్క లెక్క.
వెనక సీట్లో ఎవరో గొణుగుతారు.
తిప్పేస్వామి వాచీ చూసుకోడు,
టిక్కెట్ మిషనుకు కొత్త కాగితం చుట్ట ఎక్కిస్తాడు,
నిండుగా ఉన్నా మళ్ళీ తీసి ఎక్కిస్తాడు.
గాలి బండిని పక్కకు తోస్తాది.
కిటికీలు పండ్లు కొరుకుతాయి.
గేటు గొళ్ళెం చప్పుడు కోసం
తాళంచెవి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటా.

ఆ నాలుగునూ దారిలో తిరిగి తేలేను.
ఎదురుగాలిలో ఎవరు తెస్తారు?
డిపోలో లాగ్ షీట్ మీద
ఆలస్యానికి కారణం అనే చోట
రోజూ ఒకే మాట రాస్తా:
గాలి.