కెమెరా పక్క గొంతు

మా ఊళ్ళో షూటింగంటే
హీరో లాస్ ఏంజెలెస్ నుంచి విమానం దిగుతాడు,
శవం మాత్రం ఇక్కడిదే.
ఆ శవాన్ని వెతికిపెట్టేది వెర్నా టీచీ.

విల్మింగ్టన్‌లో, నది ఒడ్డున, నేను ఎరలమ్మే కొట్టుకి
పంతొమ్మిదేళ్ళ కిందట రొయ్యల కోసం వచ్చి
రొయ్యలు మర్చిపోయి నన్నే చూస్తూ నిలబడింది.
"నీళ్ళలో కదలకుండా ఎంతసేపు పడుకోగలవు?" అంది.

అలా మొదలైంది నా నటజీవితం.
రెండుసార్లు మునిగి చచ్చాను. ఒకసారి ఏడో జ్యూరర్ని.
ఒకసారి డిప్యూటీని: "ఇటు కాదు మేడమ్, రోడ్డు మూసేశాం."
చేజారిన వేషాలు నేను లెక్కపెట్టలేదు,
ఆవిడ పెట్టింది. ప్రతిసారీ తనే ఫోన్ చేసేది.
"నీది మంచి మొహం ఎల్వుడ్, దొంగకి పనికిరాదు,"
చేప తాజాగా లేదని చెప్పినంత మామూలుగా.

టైర్ల షాపులో, చర్చి మెట్ల మీద,
సొంత అత్తగారి అంత్యక్రియల్లో కూడా మొహాలు ఏరుకునేది.
స్కూలు బస్సు నడిపే ఒడెల్‌ని జడ్జిని చేసింది.
అసలు జడ్జి వచ్చి అడిగితే
"మీరు జడ్జిలా లేరండీ" అని పంపేసింది.

ఆఫీసంటే పళ్ళడాక్టరు పైన ఒక గది.
నీలం గుడ్డ, ఒక లైటు, నేల మీద ప్లాస్టర్‌తో ఇంటూ గుర్తు.
మనం అక్కడ నిలబడితే
కెమెరా పక్క కుర్చీలోంచి అవతలి మాటలన్నీ ఆవిడే చదివేది.
మన పెళ్ళాం, మనల్ని కాల్చేవాడు, తప్పిపోయిన కూతురు,
అందరికీ ఒకటే గొంతు, ఉప్పూ కారం లేకుండా.
కింద డ్రిల్లు మోగితే ఆగి, మళ్ళీ అక్కణ్ణుంచే:
"నాన్నా, నాకు చలేస్తోంది."
ఆ చప్పిడి గొంతుకే నా కళ్ళు తడిసేవి.

"చేతుల సంగతి మర్చిపో," అనేది.
ఆవిడ నేర్పిన నటన అంతే.

తర్వాత పన్ను రాయితీ పోయింది.
వ్యాన్లన్నీ జార్జియా వైపు తిరిగాయి.
లైటు అమ్మేసిందని విన్నాను.

మొన్న మార్చిలో ఫోను. ఏదో సీరియల్, ఒక్కరోజు పని,
అరవై దాటిన ఆడమనిషి, ఒకే ఒక్క మాట.
"ఎవర్నైనా చూశారా?" అన్నాను.
కాసేపు ఏమీ అనలేదు.
"వచ్చి నాకు ఎదురు చదువుతావా?"

రొయ్యల వాసన పోయేదాకా చేతులు కడుక్కుని వెళ్ళాను.
కిటికీ వెలుగులో, ఇంటూ గుర్తు మీద, వెర్నా.
కుర్చీలో నేను.
"మీ అబ్బాయి దొరికాడమ్మా," చదివాను, ఆవిడలాగే చప్పగా.
ఊరందరికీ ఎదురుమాట చెప్పిన మనిషి
నోరు తెరిచి, మూసి, నన్నడిగింది:
"చేతులెక్కడ పెట్టుకోవాలి?"

మూడుసార్లు చేశాం. మూడోది బాగుందనిపించింది నాకు.
ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చూసి
నాకు పంతొమ్మిదేళ్ళుగా తెలిసిన గొంతుతో అంది:
"వద్దు. ఈవిడ నటిస్తోంది."

కారు తాళాలు తీసుకుని
కిరాణా కొట్లో రెండో కౌంటరు మిసెస్ ప్రిజెన్ కోసం
బయల్దేరింది, షిఫ్టు అయిపోయేలోగా.