ఎడమ చెయ్యి

మంగళ, గురు, శనివారాలు
నా రక్తం బయటికెళ్లి తిరిగొస్తుంది.
నాలుగు గంటల ప్రయాణం, టిక్కెట్టు ప్రభుత్వ కార్డు మీద.
మొన్న మంగళవారం కొత్త కుర్రాడు
మూడుసార్లు పొడిచి సారీ అంకుల్ అన్నాడు.
ఆమె ఒక్కసారే పొడిచేది.
ఈ మాట పైకి అనలేదు.

పాత చాకలిపేటలో
ఆమె సంగతి తెలియని టీకొట్టు లేదిప్పుడు.
పుష్పలీల అని మాత్రం ఎవరూ అనరు.
విషపు నర్సు అంటాడు పరోటా మాస్టరు, పిండి విసురుతూ.
భార్య కాన్పుకెళ్తే
సూదిమందు సీసా మీద పేరు చూపించమన్నాడట.
చదువు రాదు అతనికి.
అయినా చూపించమన్నాడు.

వాదనలు ముగిసే రోజున
బీచ్ స్టేషన్‌లో దిగి నేనూ వెళ్లాను.
ఇంట్లో పెన్షను ఆఫీసు అని చెప్పాను.
హైకోర్టు ఎర్రగోడల బయట
జనం, గొడుగులు, ఒక మజ్జిగ బండి.
"తూక్కుల పోడు" అని ఒక వరస,
"ఉరి తియ్యండి" అని మన తెలుగువాళ్ల వరస.
అరిచి అరిచి గొంతెండిన ఒకావిడ
నా చేతిలో సీసా చూసి నీళ్లడిగింది.
నాకు రోజుకి ముప్పావు లీటరే లెక్క.
సగం ఇచ్చాను.
తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టింది
నా నీళ్లతో.

పోయినాయన నాకు తెలుసు.
ఆరో నంబరు మంచం, ఏకాంబరం, రాయపురంలో తాళాల కొట్టు.
ఇడ్లీ చల్లారితే పళ్లెం విసిరేవాడు.
పోవడానికి నెలముందు
మా బీరువాకి తాళంచెవి చేసిచ్చి
డబ్బు తీసుకోలేదు.
ఆయన కూతురు మెట్ల మీద కూర్చునుంది
నోరు తెరవకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని.
ఈ అరిచేవాళ్లలో ఆయన్ని చూసినవాళ్లెందరు?
అడిగితే తంతారు. అడగలేదు.

వ్యాను తలుపు తెరుచుకుంది.
ఇద్దరు పోలీసమ్మల నడుమ ఒక దుపట్టా.
ముఖం కనబడలేదు, చేతులు కనబడ్డాయి.
గోళ్లు కురచగా, ఎప్పట్లాగే.
ఎవరో చెప్పు విసిరారు.
అది పోలీసమ్మ భుజానికి తగిలి
నా కాళ్ల దగ్గర పడింది.
మగవాళ్లది, ఎడమకాలిది, మడమ దగ్గర అరిగింది.
విసిరినవాడు ఇంటికెలా నడిచాడో.

ఒక కుర్రాడు ఫోను నా ముఖానికి ఆనించి
"పెద్దాయనా, ఆమె మీకు తెలుసా?"
తెలీదన్నాను.
అంటున్నంతసేపూ చొక్కాచేతి కింద
ఎడమ చెయ్యి రొద చేస్తూనే ఉంది.
ధమనినీ సిరనీ కలిపి కుట్టినచోట
నడిరేయి కూడా నిద్రపోని గండుతుమ్మెద.
ఆమే నేర్పింది, సూళ్లూరుపేట యాసలో:
పొద్దున లేస్తానే చెవి ఆనించి ఇను బాబాయ్,
రొద ఉంటే నువ్వున్నట్టు.

చేసిందో లేదో తెలీదు.
ఈసారి నిజంగానే తెలీదు.
మా వార్డులో ఎనిమిది మంచాలు, ఎనిమిది తీర్పులు,
టిఫిను వేళకి ఒకటి, మాత్రల వేళకి ఇంకొకటి.
మిగిలిన నర్సులు యూనిఫాం సంచిలో కుక్కుకుని వస్తున్నారు.
బస్సులో ఏం పనని అడిగితే
జవుళికొట్టు అంటున్నాను సార్ అంది మల్లికేశ్వరి,
నా బీపీ రాసుకుంటూ, నావైపు చూడకుండా.
నేను కోర్టు సంగతి చెబ్దామనుకున్నాను.
నూట అరవై అంది. మళ్లీ ఉప్పు తిన్నారా?

తీర్పు గురువారానికి వాయిదా.
గురువారం నా రోజు.
ఆ వేళకి నా రక్తం సగందారిలో ఉంటుంది.
గోడమీద టీవీ సౌండు పెంచమంటారు అందరూ.
నాకు చెవులు మూసుకోవాలనిపించినా
ఒక్క చెయ్యే ఖాళీ.
సూదులున్నంతసేపూ ఎడమ చెయ్యి కదపకూడదు.
అదీ ఆమె చెప్పిందే.