తరుగు

హన్మకొండ, మే నెల. కూలర్‌లో నీళ్లు లేవు.
చపాట మిర్చి గింజలు నూరుతుంటే ఇద్దరికీ తుమ్ములు.
వడగట్టిన సారంలోంచి ఒక్క చుక్క
తొంభై అయిదు డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు.

ముడుచుకున్నవి విప్పుకున్నాయి.
దేని వంపు దానిది, దేని ఆవేశం దానిది,
సబ్బులాంటి మందొకటి వచ్చి
అన్నిటినీ ఒకే తీరు చేసింది.
ఇక మిగిలిన తేడా పొడుగొక్కటే.

రెండు అద్దాల నడుమ గడ్డకట్టిన జెల్లు,
దువ్వెన పీకితే పది గుంటలు.
మొదటి గుంటలో మార్కరు: బరువు తెలిసిన ఆరు ప్రొటీన్లు.
"పడికట్టు రాళ్లన్నట్టు" అన్నాడు ఓదెలు.
మా అటెండరు. వాళ్ల నాయిన ఎనుమాముల మార్కెట్‌లో దడువాయి,
ముప్పై ఏండ్లు కాంటా పట్టిన చెయ్యి.

నూరు వోల్టులు.
నీలం గీత ముందు నడుస్తోంది,
వెనక కంటికి కనబడని గుంపు.

"కాంటా లేకుంట బరువెట్ల జెప్తవు బిడ్డా?"
"బరువున్నది సందులల్ల ఇరికి వెనకబడ్తది.
తేలికది ఉరుకుతది. ఎంత దూరం పోయిందో కొలుస్త."
"బస్తాలు మోసెటోళ్ల లెక్క" అని
తన భుజం ఒకసారి తడుముకున్నాడు.

రెండుసార్లు కరెంటు పోయింది.
రాత్రంతా నీలిరంగులో నాని, పొద్దున
పులిసిన వాసన నీళ్లలో కడుగుతుంటే
ఒక్కొక్కటే తేలాయి చారలు,
వేడికి అంచులు పైకి లేచి, నవ్వుతున్నట్టు.

స్కేలు పెట్టాను. గ్రాఫు కాగితం మీద
ఆరు చుక్కలు, వాటి గుండా ఒక గీత.
అరవై ఆరు వేలకు కింద, నలభై మూడు వేలకు పైన
నా గింజ చార.
సుమారు యాభై రెండు వేల డాల్టన్లు.
పక్కన రాశాను: తేడా పది శాతం.

ఓదెలు చాలాసేపు చూశాడు.
"నూటికి పది తరుగా!
మా నాయిన కాలంల గూడ గంత తియ్యలే.
తేమ, తాలు, సంచి అని పేరు పెట్టి
రెండు కిలోలు, మూడు కిలోలు.
సుమారు అన్న మాట
రైతు దిక్కు ఒక్కసారన్న ఒరగలే."

నోటుబుక్కు అతని వైపు తిప్పాను.
అంకెకు ముందు కూడిక గుర్తు, దాని కింద తీసివేత.
పొరపాటు ఎటైనా కావచ్చు.

"రెండు దిక్కులా?"
వేలు పెట్టి మళ్లీ చూశాడు.
"గసొంటి కాంటా నేనైతే చూడలే."

అద్దాలు కడగడానికి తీసుకుపోయాడు.
తడి చేతులతోనే తిరిగొచ్చి
ఆ గుర్తొకటి చీటీ మీద రాయించుకుని
జేబులో పెట్టుకున్నాడు.