మూడోదాని దగ్గర

"రెండు పేలతాది. మూడోదాని దగ్గర ఆగిపోతాది."
తువాలు మడత విప్పి బల్ల మీద పెట్టారు పైడిరాజు గారు,
ముప్పై ఏళ్ళు హార్బర్లోకి ఓడల్ని నడిపించుకొచ్చిన మనిషి.
బెల్జియం పిస్తోలు. మా నాన్న కంటే పెద్దది.
ముందు లైసెన్సు పుస్తకం చూశాను, తర్వాతే దాన్ని.

కోటవీధిలో మా కొట్టుకి కిటికీ ఒక్కటే.
అందులోంచి సముద్రం కనబడదు గానీ
ఇక్కడున్న ప్రతి ఇనప ముక్క మీదా దాని వేలిముద్ర ఉంటుంది.

తుపాకీని తర్వాత అనుమానించు, ముందు మేగజీన్‌ని
అనేవాడు నాన్న.
పెదాలు తడిమాను. వంకర లేదు, చీలిక లేదు.
స్లయిడు స్ప్రింగు తీసి కొత్తదాని పక్కన నిలబెట్టాను:
రెండు చుట్లు పొట్టి.
"ముసలాళ్ళం అంతే కదేటి" అన్నారాయన.
నేను నవ్వలేదు. స్ప్రింగు మార్చాను.

ఇసక పీపాలోకి ఒకటి.
రెండు.
మూడోది పేలింది గానీ
ఖాళీ గొట్టం బయట పడలేదు.
మూసుకోబోయిన స్లయిడుకి చిక్కి నిటారుగా నిలబడింది
స్టీల్‌ప్లాంటు చిమ్నీలా, సన్నగా పొగ వదుల్తూ.

అయితే కొక్కెం.
గొట్టాన్ని పట్టి వెనక్కి లాగే
చిటికెనవేలి గోరంత కొక్కెం.
పిన్ను తట్టి ఊడదీస్తే గాడి నిండా ఎరుపు.
తుప్పనుకున్నాను. ఈ ఊళ్ళో ఇంకేమనుకుంటాం?
సూదితో గీరితే పొడిపొడిగా కాగితం మీద రాలింది.
వాసన చూశాను.

కుంకుమ.
ఏడాదికో పొర, కొబ్బరినూనెలో నాని
లక్కలా బిగిసిపోయింది.

"దసరాకి..." అని ఆగారు.
"మా రవణమ్మ. బొట్టెట్టకుండా బీరువాలో పెట్టనిచ్చేది కాదు.
నలభై దసరాలు.
ఇదెప్పుడూ పేలకూడదని దండం పెట్టుకునేది, పిచ్చిది."

కిరసనాయిలు గిన్నె, బ్రష్షు నా చేతిలోనే ఉన్నాయి.
హార్బర్ వైపు ఏదో ఓడ కూత పెట్టింది.
అలవాటుగా అటు తల తిప్పి
"లోపలికొస్తంది" అన్నారు, నాతో కాదు.

"కడిగెయ్" అన్నారు తర్వాత.
బ్రష్షు ముంచాను.
"ఆగు. ఆ కొక్కెం వదిలెయ్. మిగతాదంతా కడుగు."

పాడైందని తెలిసీ ఒక సామాను
ఉన్నచోటే బిగించడం నాకదే మొదలు.
రాలిన పొడి తిరిగి గాడిలో కూర్చదు,
కాగితం పొట్లం కట్టి ఇచ్చాను.
చొక్కా జేబులో, లైసెన్సు పుస్తకం వెనకాల పెట్టుకున్నారు.

స్ప్రింగు డబ్బులే తీసుకున్నాను.
రసీదులో రాశాను:
స్ప్రింగు మార్చడమైనది.
మూడోదాని దగ్గర ఆగును.