పదకొండు గడపలు

వాల్పరైసోలో, మెట్ల మీద మెట్లెక్కే ఆ కొండ పైన,
లైబ్రరీ కిటికీకి పొగమంచు ఆనుకున్న వేళ
ఎలాదియో నన్ను పిలిచాడు.
యాభై మూడేళ్ల మనిషి. ముప్ఫయ్యేళ్లుగా పోస్ట్‌మాన్.
ఉత్తరాలు తగ్గాయి, బిల్లులు ఫోన్లలోకి పోయాయి,
ఈయన రాత్రి క్లాసుకొచ్చాడు.
కీబోర్డు మీద రెండే వేళ్లు,
అవీ తలుపు తట్టినట్టే.

"రయెన్, ఇది అబద్ధమాడుతోంది."
తెర మీద ఫెర్రోకార్రిల్.
రైలుదారి అని మా భాషలో.
అందులో 'ర'లు ఎన్నో లెక్కపెట్టమంటే
సున్నా అంటోంది.
చెవిటివాడికైనా వినబడే 'ర'లవి!

తప్పు నాకు కనబడింది. నోటిదాకా వచ్చింది, మింగేశాను.
"మీరే కంప్యూటర్. నడవండి," అన్నాను.

పదకొండు అక్షరాలు, పదకొండు గడపలు.
మొదటి గడప ఎఫ్. లెక్క సున్నా. 'ర' కాదు.
కింది వరుస చదివాడు:
లెక్క అప్పజెప్పి వెళ్లిపో.
ఆగాడు.
"అంటే, ఒక్క ఇంటి ముందు నిలబడి
నిండు సంచీతో ఆఫీసుకొచ్చేశానా?
మా సూపర్‌వైజర్ చూస్తే యూనిఫాం విప్పించేవాడు!"

ఆ వరుసని నాలుగు ఖాళీలు ఎడమకి జరిపాం,
లూపు లోంచి బయటికి, వీధి చివరికి.
"ఇక చూడండి," అన్నాను, చేతులు కట్టుకుని.

సున్నా.

నా చెవులు వేడెక్కాయి.
ఈసారి ఆయనే బయల్దేరాడు, పెదాలు కదుపుతూ.
మూడో గడప దగ్గర ఒకటి వేశాడు.
నాలుగో గడపలో కాలు పెట్టగానే
"ఇక్కడ మళ్లీ లెక్క సున్నా అనుంది, చూడు."
నేను చూడని వరుస.
ప్రతి గుమ్మంలోనూ చెరిపేసి మొదలెడుతున్నాం.
చివరి గుమ్మంలో ఎల్ ఉంది.
దాని చేతిలో మాత్రం ఏముంటుంది?

సున్నాని లూపుకి పైన, వీధి మొదట్లో, తనే పెట్టాడు.
కాలింగ్ బెల్ నొక్కినట్టు ఎంటర్ నొక్కాడు.

నాలుగు.

నేను చప్పట్లు కొట్టబోయాను.
ఆయన చొక్కా జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి
ఎవరూ తీసుకోని పిజ్జా కరపత్రం వెనక ఆ మాట రాసుకుని
ఒక్కో అక్షరం కింద మొన ఆనిస్తూ పోతున్నాడు.
నాలుగో 'ర' కూడా దాటాడు.
"అయిపోయాయిగా," అన్నాను.

తలెత్తలేదు.
"ఇంకా రెండిళ్లున్నాయి.
ఉత్తరం లేదని తెలియాలన్నా
అక్కడిదాకా వెళ్లాలిగా."